ఏసీ పుట్టింది దారం కోసం: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పైకప్పుల కథ

ఈ ఎపిసోడ్ మీరు రాత్రి పూట చూస్తా ఉంటే ముందు ఒక చిన్న పని చేయండి. స్టూలు వేసుకొని ఎక్కి, మీ స్లాబుకు కింది వైపు అరచెయ్యి ఆనించి చూడండి. ఎండాకాలమైతే చెయ్యి వెచ్చగా తగుల్తుంది. సూర్యుడు ఎప్పుడో పోయినాడు, అయినా మీ ఇంట్లో ఎండ ఇంకా ఉంది. ఆ ఎండ లోపలికి ఎట్ల వచ్చింది, ఒకప్పుడు మన వాళ్ళు దాన్ని ఎట్ల ఆపినారు, మనం ఎప్పుడు ఆపడం మానేసినాం అన్నదే ఈరోజు కథ.

నేను ధర్మవరం వాణ్ని. మా నాయన మగ్గం నేస్తాడు. మా ఇంట్లో మొదట చల్లగా ఉండాల్సింది మనిషి కాదు, దారం. చిన్నప్పుడు నాకు ఇది వింతగా ఉండేది. మే నెలలో మా అమ్మ మగ్గం గుంత చుట్టూ నీళ్ళు చల్లేది. నేను చెమట తుడుచుకుంటా ఆ పక్కనే కూర్చొని, "నీళ్ళు నా మీద చల్లుమ్మా" అంటే, "నువ్వు ఎండితే తెగవు, పడుగు తెగుతాది" అనేది.

ఇప్పుడు ఒక సంగతి చెప్తాను, ఆశ్చర్యపోతారు. ఏసీ చరిత్ర కూడా అచ్చం ఇట్లాంటిదే.

1902లో అమెరికాలో విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్సు కోసం ఒక యంత్రం డిజైన్ చేసినాడు. అక్కడి సమస్య మనుషులకు చెమట పట్టడం కాదు. గాలిలో తేమ పెరిగితే కాగితం సాగుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది, అప్పుడు ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చోదు. కాగితం కోసం గాలిని అదుపులో పెట్టే యంత్రం చేసినాడు. ఈరోజు మనం ఏసీ అంటున్నది దాని వంశమే. నాలుగేళ్ళ తర్వాత, 1906లో, నార్త్ కరోలినాలో స్టువర్ట్ క్రామర్ అనే ఇంకో ఇంజనీరు "ఎయిర్ కండిషనింగ్" అన్న మాటనే పుట్టించినాడు. ఎక్కడ పనిచేసేవాడో తెలుసా? బట్టల మిల్లుల్లో. పొడి గాలికి నూలు తెగిపోతుంటే, మిల్లు గాలికి తేమ పట్టించే పద్ధతికి ఆయన పెట్టిన పేరు అది.

అంటే ఆ మాట పుట్టింది దారం కోసం. మా ఇంట్లో గుంత మగ్గం చేసే పని కూడా అదే. నేత మనిషి కాళ్ళు గుంతలో పెట్టుకొని కూర్చుంటాడు. నేల లోపలి తేమ, నేల లోపలి చల్లదనం పడుగుకు అందుతా ఉంటాయి. కరెంటు లేదు, గ్యాసు లేదు. క్రామర్ దాకా పోకుండానే మన నేతగాళ్ళు గాలిని కండిషన్ చేసుకున్నారు. ఇది గొప్పలు చెప్పుకోవడానికి చెప్పట్లేదు. ఎందుకంటే అదే గుంత మీద ఇప్పుడు సిమెంటు రేకులు ఉన్నాయి. కింద చల్లని గుంత, పైన కాలే పెనం. ఈ రెండూ ఒకే ఇంట్లోకి ఎట్ల వచ్చినాయి?

దీనికి మనం రైలు ఎక్కాలి. బెంగళూరు నుంచి గుంతకల్లు పోయే లైనులో వరుసగా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వస్తాయి. మూడూ ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోవే. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లాలో ఉండేవి. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటని మనం బడిలోనే చదువుకున్నాం. ఎండాకాలంలో ఇక్కడి గాలి పొడిగా ఉంటుంది. పగలు మాడుస్తుంది, రాత్రికి బాగా చల్లబడుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. పగటికీ రాత్రికీ ఉన్న ఈ తేడానే మన పాత ఇళ్ళకు ఇంధనం.

మధ్య స్టేషన్‌లో దిగుదాం. పెనుకొండ.

1565లో తళ్ళికోట యుద్ధంలో విజయనగరం ఓడిపోయింది. తిరుమల దేవరాయలు హంపి వదిలి పెనుకొండకు వచ్చి, ఇక్కడి నుంచి రాజ్యం నడిపినాడు. అంతకు ముందు నుంచే ఇది రాజులకు వేసవి విడిది అని చెప్తారు. కొండ కింద గగన్ మహల్ అని ఒక రెండంతస్తుల మేడ ఇప్పటికీ నిలబడి ఉంది. చాలామంది అక్కడ రీలు తీసుకొని పోతారు. ఈసారి పోతే రీలు తీసిన తర్వాత గోడకు వీపు ఆనించి ఐదు నిమిషాలు ఊరికే నిలబడండి.

రాయి, సున్నంతో కట్టిన మందపాటి గోడలు. కమానుల్లోంచి గాలి వస్తుంది, ఎండ నేరుగా రాదు. పైన ముందుకు పొడుచుకొచ్చిన చూరు గోడ మీద నీడ వేస్తుంది. సున్నం అంటే ఇప్పుడు షాపులో ప్యాకెట్‌లో వచ్చేది కాదు. గానుగలో ఎద్దులతో తిప్పించి రుబ్బిన సున్నం. అందులో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపే అలవాటు దక్షిణాదిలో చాలాచోట్ల ఉండేది. ఆ తెల్లటి పూత ఎండను చాలావరకు వెనక్కి తిప్పి పంపేస్తుంది. లోపలికి దిగిన కొంచెం వేడిని మందపు గోడ పట్టుకొని కూర్చుంటుంది.

ఇక్కడ సైన్స్ చిన్నగా చెప్తాను. వేడి గోడలోంచి నడవడానికి టైము పడుతుంది. గోడ ఎంత మందంగా ఉంటే అంత ఆలస్యం. మధ్యాహ్నం రెండు గంటల ఎండ, అడుగున్నర, రెండడుగుల మట్టి గోడ దాటి లోపలి వైపుకు రావాలంటే రాత్రి అవుతుంది. అప్పటికి బయట చల్లబడి ఉంటుంది. కిటికీలు తీస్తే ఆ వేడి బయటికే పోతుంది. పగటి వేడిని రాత్రికి అప్పజెప్పడం, మొత్తం కిటుకు ఇంతే.

ఇది రాజు ఒక్కడికే తెలిసిన రహస్యమా? కాదు. గగన్ మహల్ నుంచి రోడ్డు మీదకు వచ్చి ఏ పాత పల్లెకు పోయినా అదే కిటుకు మట్టితో కట్టి ఉండేది. దాని పేరు మట్టి మిద్దె.

మా అవ్వ ఇల్లు అట్లాంటిదే. రాయి, మట్టితో రెండడుగుల గోడలు. వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద సన్న కట్టెలు, ఆకు పరుపు, ఆ పైన మట్టి, అన్నింటికన్నా పైన చౌడు. చౌడు అంటే పంట పండని ఉప్పు నేల మట్టి. పంటకు పనికిరాని మట్టి ఇంటికి ప్రాణం అయింది. ఎందుకంటే చౌడులో సోడియం ఎక్కువ. నీళ్ళు తగిలితే ఆ బంకమన్ను రేణువులు విడిపోయి, ఉబ్బి, సందులన్నీ మూసేస్తాయి. నీళ్ళు కిందికి దిగవు. పైరు వేరుకు నీళ్ళు అందనీయని గుణమే ఇంట్లోకి నీళ్ళు రానీయని గుణం. ఇది ఏ ల్యాబులోనూ కనిపెట్టలేదు, చౌడు నేలలో వాన నీళ్ళు నిలబడిపోవడం చూసిన రైతులు కనిపెట్టినారు.

మిద్దెకు మధ్యలో ఒక రంధ్రం ఉండేది. గవాక్షి. మా ఊర్లో గవాచి అంటారు. వెలుతురు అందులోంచి వచ్చేది, పొయ్యి పొగ, పైకి లేచిన వేడి గాలి అందులోంచి పోయేవి. వాన వస్తే ఎవరో ఒకరు పరిగెత్తి పోయి బండ మూసేవాళ్ళు. రాత్రి అయితే ఇంటిల్లిపాదీ మిద్దెక్కి పండుకునేవాళ్ళం. పగలంతా మిద్దె తాగిన ఎండ ఇంట్లోకి చేరే టైముకు మేము ఇంట్లో ఉండేవాళ్ళం కాదు, దాని మీద ఉండేవాళ్ళం. ఇంటి డిజైన్‌లో ఇది కూడా ఒక భాగమే.

ఇక్కడ ఆగి ఒక నిజం చెప్పాలి. ఇట్లాంటి వీడియోలు చాలా వాటిలో "మన పూర్వీకులు ఎంత గొప్పవాళ్ళో" అని మ్యూజిక్ వేసి ముగించేస్తారు. నేను ముగించను. మట్టి మిద్దె కింద బతికిన వాళ్ళను అడగండి. ప్రతి ఏడూ ముంగారు వానలకు ముందు చౌడు తవ్వి, బండికెత్తి, మిద్దెకు మోసి, పరిచి, తొక్కాలి. మా ఇంట్లో ఆ తట్టలు మోసింది ఎక్కువగా ఆడవాళ్ళే. ఒక ఏడు ఏమరిస్తే మిద్దె కారుతుంది. నాలుగు రోజులు ముసురు పడితే గోడ నానుతుంది. మా అవ్వ ఇల్లు అట్లే పోయింది. ఒక ఏడు వానకు వెనక గోడ కూలింది, అదృష్టానికి ఆ గదిలో ఎవరూ లేరు. దంతెల సందులోంచి తేళ్ళు పడేవి. అందుకే సిమెంటు రేకులు వచ్చినప్పుడు మా వాళ్ళు బాధపడలేదు, సంతోషపడినారు. దాన్ని మనం చిన్నచూపు చూడకూడదు.

సరే, రైలు మళ్ళీ ఎక్కుదాం, ఈసారి ఆ రైలు పట్టాల గురించే మాట్లాడుకుందాం. గుంతకల్లు నుంచి మైసూరు సరిహద్దు దాకా మీటర్‌గేజ్ లైను 1893లో మొదలైంది, సదరన్ మరాఠా రైల్వే నడిపింది. రైలు అనేది మనుషుల్నే కాదు, పైకప్పుల్ని కూడా మోసుకొచ్చింది. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు పెంకుల ఫ్యాక్టరీ పెట్టినారు, ఆ మంగళూరు పెంకు దక్షిణాది అంతా పాకింది. తర్వాత ఇనుప రేకు వచ్చింది, దాని తర్వాత ఆస్‌బెస్టాస్ కలిసిన సిమెంటు రేకు. ఊరి బయట చౌడు గుంత నుంచి వచ్చే పైకప్పు పోయి, ఎక్కడో తయారై డబ్బు పెట్టి కొనుక్కొచ్చే పైకప్పు వచ్చింది.

ఆ కాలంలో దొరలు చల్లగా ఉండడానికి ఏం చేసినారో కూడా చెప్పాలి. మన ప్రాంతం 1800లో నిజాం చేతి నుంచి కంపెనీకి పోయింది, మద్రాసు రాజధానిలో కలిసింది. దొరల బంగళాలకు మద్రాసు టెర్రస్ అనే కప్పు ఉండేది. దూలాల మీద ఇటుకలు నిలువుగా, ఏటవాలుగా పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు వేసేవాళ్ళు. అది కూడా మందమే, అది కూడా సున్నమే. తలుపులకు వట్టివేరు తడికలు కట్టేవాళ్ళు. ఒక మనిషి వాటిని తడుపుతా ఉండాలి, ఇంకో మనిషి గది బయట కూర్చొని పంఖా తాడు లాగుతా ఉండాలి. లోపల ఒకరికి చల్లదనం, బయట ఇద్దరికి చెమట.

ఇంకా విచిత్రం ఐసు. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి టస్కనీ అనే ఓడ, చెరువుల్లో గడ్డకట్టిన మంచును కోసి 180 టన్నులు ఎత్తుకొని, నాలుగు నెలలు సముద్రం మీద ప్రయాణం చేసి కలకత్తాకు వచ్చింది. దిగేటప్పటికి సుమారు 100 టన్నులు మిగిలి ఉంది! ఫ్రిజ్ లేని కాలంలో, భూమధ్యరేఖ దాటి రెండుసార్లు. ఎట్ల సాధ్యం? రంపపు పొట్టు, ఎండు గడ్డి లాంటివి చుట్టూ దట్టించినారు. అంతే. ఆ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ మద్రాసులో 1842లో కట్టిన ఐస్ హౌస్ ఇప్పటికీ బీచ్ రోడ్డులో ఉంది, వివేకానందుడు 1897లో అక్కడ ఉన్నాడు కాబట్టి ఆయన పేరుతో పిలుస్తున్నారు.

ట్యూడర్ ఓడ చెప్పే పాఠం ఏంటి? చల్లదనం తయారు చేయడం కన్నా చల్లదనాన్ని కాపాడడం ముందు. పొట్టు లేకపోతే ఎంత మంచు ఎక్కించినా ఓడలో నీళ్ళే మిగిలేవి. ఇప్పుడు మన ఇళ్ళ వైపు చూడండి. కాలే స్లాబు కింద ఏసీ పెట్టడం అంటే పొట్టు లేకుండా ఐసు ఓడ నడపడమే.

ఇప్పుడు హిందూపురం పోదాం. అక్కడ ఈ పాఠం మర్చిపోని వాళ్ళు ఒకరున్నారు. పట్టుపురుగుల రైతులు.

మైసూరు సీమలో పట్టుపురుగుల పెంపకాన్ని టిప్పు సుల్తాన్ 18వ శతాబ్దం చివర్లో మొదలుపెట్టించినాడు. ఆ సీమకు ఆనుకొని ఉన్న ప్రాంతం మనది. ఈరోజు హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్ రాష్ట్రంలోనే పేరున్నది. ఊరి పక్కన కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ ఉంది. హిందూపురం గూడు, ధర్మవరం చీర, రెండూ ఒకే దారానికి రెండు కొసలు.

పట్టుపురుగుకు సొంత ఒంటి వేడి లేదు. షెడ్డు ఎంత వేడిగా ఉంటే దాని ఒళ్ళు అంతే. చాకీ దశలో, అంటే చిన్న పురుగుగా ఉన్నప్పుడు, 26 నుంచి 28 డిగ్రీలు, బాగా తేమ కావాలి. పెద్దదైన తర్వాత 24, 25 డిగ్రీలే కావాలి, తేమ కొంచెం తగ్గాలి. నాలుగు జ్వరాలు దాటి, అంటే నాలుగుసార్లు కుబుసం విడిచి, చంద్రికెక్కి గూడు కట్టేదాకా ఇది తప్పకూడదు. బయట మే నెలలో ఎంత ఉంటుందో మీకు తెలుసు. వేడెక్కువైతే పురుగు ఆకు తినదు, రోగం వస్తుంది, గూడు పలచనవుతుంది. తెల్ల గూడు కట్టే బైవోల్టిన్ రకాలైతే మరీ సుకుమారం.

పోయిన ఎండాకాలం నేను హిందూపురం పక్కన ఒక పల్లెలో ఒక రైతు ఇంటికి పోయినాను. పురుగుల షెడ్డు చూడగానే నవ్వొచ్చింది, మా అవ్వ ఇల్లు గుర్తొచ్చి. రేకుల మీద కొబ్బరి మట్టలు మందంగా పరిచినారు. కిటికీలకు తడి గోనె పట్టలు. చుట్టూ చెట్లు. పైకప్పుకు కొంచెం కింద గాలి పోయే సందులు. లోపలికి అడుగు పెడితే ప్రాణం లేచి వచ్చింది. పక్కనే వాళ్ళు ఉండే ఇల్లు. దానికీ రేకులే. వట్టి రేకులు. మట్టలు లేవు, గోనెలు లేవు.

నేను ఆ ఇంటి అక్కను అడిగినాను, "ఏంటికక్కా, ఆ మట్టలు నాలుగు ఈ ఇంటి మీద కూడా వేసుకోవచ్చు కదా?" అని.

ఆ అక్క నా వైపు చూసి, "పురుగు సచ్చిపోతే అప్పు మిగుల్తాది నాయనా. మేము యాడ సస్తాం, ఉడికినా బతుకుతాం" అనింది.

ఆ మాట నన్ను రాత్రి నిద్రపోనీలేదు. పురుగును ఎట్ల చల్లగా ఉంచాలో వాళ్ళకు తెలుసు. సామాను అక్కడే ఉంది. అయినా ఆ తెలివి మనిషి దాకా రాలేదు. కాగితానికి ఏసీ, నూలుకు ఏసీ, మంచుకు రంపపు పొట్టు, పురుగుకు కొబ్బరి మట్ట. సరుకును చల్లగా ఉంచడానికి ప్రపంచమంతా లెక్క వేసింది. సరుకును తయారు చేసే మనిషిని ఆ లెక్కలో ఎవరూ రాయలేదు. దొర పంఖా లాగిన మనిషి ఎట్లనో, ఈ అక్క అట్లనే, మా నాయన అట్లనే.

మళ్ళీ ధర్మవరం. మా ఇంటి కథ పూర్తి చేస్తాను. అవ్వ ఇల్లు కూలిన తర్వాత రేకులు వేసుకున్నాం. సిమెంటు రేకు సన్నగా ఉంటుంది, ఎండ తగిలిన కొద్దిసేపటికే లోపల సెగ. తర్వాత అప్పు చేసి ముందు గదికి మోల్డింగు వేయించినాం. వీధిలో గౌరవం పెరిగింది, పక్కా ఇల్లు కదా. కానీ నాలుగైదు అంగుళాల కాంక్రీటు మట్టి మిద్దెలాగా రాత్రి దాకా ఆపలేదు, రేకులాగా తొందరగా చల్లబడదు కూడా. మధ్యాహ్నం ఎండను సాయంత్రానికి లోపలికి తెచ్చి రాత్రంతా కక్కుతా ఉంటుంది. రెండింటి చెడ్డ గుణాలూ దానికే వచ్చినాయి. మా అవ్వ ఆ గదిలో ఒక్క ఎండాకాలం కూడా పండుకోలేదు. "ఇది మిద్దె కాదురా, పెనం" అనేది.

రెండేళ్ళ కింద మా అన్న కంతుల మీద ఏసీ కొన్నాడు. మొదటి రాత్రి అందరం ఆ గదిలోనే. రెండో రోజు పక్కింటి పిన్ని వచ్చి, "మీ డబ్బా మా కిటికీలోకి నిప్పులు పోస్తాంది" అనింది. బయట పెట్టిన యూనిట్ ఊదే వేడి గాలి నేరుగా వాళ్ళ వంటింట్లోకి పోతాంది. చూడండి, పంఖా తాడు మారింది, లెక్క మారలేదు. మా గదిలోని వేడిని తీసి పిన్నికి ఇచ్చినాం.

ఆ డబ్బా లోపల ఉన్న గ్యాసుకు కూడా ఒక చరిత్ర ఉంది. 1920ల చివర్లో అమెరికాలో ఫ్రియాన్ అనే గ్యాసు వచ్చింది. మండదు, విషం కాదు, అందరూ అద్భుతం అన్నారు. 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు ఈ రకం గ్యాసులు ఓజోన్ పొరను తినేస్తాయని చెప్పినారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం జరిగింది, ప్రపంచం ఆ గ్యాసుల్ని ఆపేసింది. వాటి స్థానంలో వచ్చినవి ఓజోన్‌ను తినవు, కానీ భూమిని వేడెక్కిస్తాయి. ఆర్-410ఎ అనే గ్యాసు బయటికి కారితే, వందేళ్ళ లెక్కలో అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కన్నా 2,000 రెట్లు ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది. ఇప్పుడు చాలా ఏసీల్లో వస్తున్న ఆర్-32 సుమారు 675 రెట్లు.

అందుకే 2016లో రువాండా దేశంలోని కిగాలీలో దేశాలన్నీ కూర్చొని వీటిని కూడా తగ్గించాలని ఒప్పుకున్నాయి. భారత్ 2028లో వాడకాన్ని అక్కడికి ఆపి, 2032 నుంచి తగ్గించుకుంటా వచ్చి, 2047కల్లా 85 శాతం తగ్గించాలి. దారి లేదా? ఉంది. ఆర్-290 అంటే ప్రొపేన్, మన వంట గ్యాసు సిలిండర్‌లో ఉండే గ్యాసుల్లో ఒకటి. దాని ప్రభావం చాలా చాలా తక్కువ. మన దేశంలో గోద్రెజ్ కంపెనీ 2012 నుంచే దానితో ఏసీలు అమ్మింది. మండే గ్యాసు కాబట్టి కొద్ది మోతాదులోనే నింపాలి, తెలిసిన మెకానిక్కే ముట్టుకోవాలి. ఇక్కడ ఒక లెక్క గమనించండి. తక్కువ గ్యాసున్న చిన్న ఏసీ ఒక గదికి సరిపోవాలంటే ఆ గది ముందే సగం చల్లగా ఉండాలి. మళ్ళీ పైకప్పు దగ్గరికే వచ్చినాం.

ప్రభుత్వాలకు ఈ సంగతి తెలియదా? తెలుసు. 2018 డిసెంబరులో కేంద్రం ఎకో నివాస్ సంహిత అని ఇళ్ళకు ఒక నియమావళి తెచ్చింది, పైకప్పులోంచి ఎంత వేడి దిగొచ్చో అందులో పరిమితి ఉంది. 2019 మార్చిలో ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ వచ్చింది. అప్పటికి దేశంలో నూటికి ఎనిమిది ఇళ్ళలోనే ఏసీ. మిగతా తొంభై రెండు ఇళ్ళు కూడా కొనడం మొదలుపెడితే కరెంటు ఎంత కావాలో ఊహించుకోండి. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, 300 చదరపు కిలోమీటర్ల పైకప్పుల్ని చల్లని కప్పులు చేయాలని లక్ష్యం. దానికి ముందు హైదరాబాద్‌లోని దేవరకొండ బస్తీలో ఇరవై ఐదు పేద ఇళ్ళ కప్పుల మీద తెల్లటి పొర పరిచి చూసినారు, లోపల సగటున రెండు డిగ్రీలు తగ్గింది.

కానీ ఒకటి గమనించండి. ఎకో నివాస్ సంహిత 500 చదరపు మీటర్ల స్థలం, ఆపైన ఉన్నవాటికి. తెలంగాణ విధానం ఇళ్ళ విషయంలో 600 గజాల నుంచి తప్పనిసరి, దానికి తక్కువైతే మీ ఇష్టం. మా వీధిలో 600 గజాల ఇల్లు ఎవరికుంది? రెండు సెంట్ల ఇల్లు, అందులోనే మగ్గం. ఎవరి కప్పు ఎక్కువ కాలుతుందో ఆ కప్పు దాకా రూలు రాలేదు.

మన లాంటి ఎండే ఉన్న దేశంలో ఒకాయన ఏం చేసినాడో చెప్పి ముగింపుకు వస్తాను. ఆఫ్రికాలో బుర్కినా ఫాసో. అక్కడ గాండో అనే పల్లెలో పుట్టిన ఫ్రాన్సిస్ కేరే జర్మనీలో ఆర్కిటెక్చర్ చదువుతా, 2001లో సొంత ఊరికి బడి కట్టినాడు. ఊరి మట్టితోనే ఇటుకలు, మట్టి ఇటుకలతోనే లోపలి సీలింగ్. రేకును పడేయలేదు, దాన్ని సీలింగ్ మీద నేరుగా పెట్టకుండా ఎత్తి నిలబెట్టినాడు. రేకు వానను, ఎండను ఆపుతుంది, మధ్య సందులోంచి గాలి వేడిని తీసుకుపోతుంది. వానకు నానిపోయే మట్టి భయం లేదు, కాలే రేకు భయం లేదు. 2022లో ఆయనకు ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది, ఆర్కిటెక్టులకు అంతకన్నా పెద్దది లేదు. ఆయన మట్టికీ రేకుకూ మధ్య ఒకదాన్ని ఎంచుకోలేదు. మనం మాత్రం మట్టిని వదిలేసి రేకును పట్టుకున్నాం, తర్వాత రేకును వదిలేసి స్లాబును పట్టుకున్నాం.

మా ఇంట్లో ఈ ఏడు ఏం చేసినామో చెప్తాను. పెద్దగా ఏం లేదు. మార్చిలో స్లాబు కడిగి, తడి మీద రెండు పూతలు సున్నం వేసినాం. తాజా సున్నం మీద పడిన ఎండలో ముప్పావు వంతు దాకా తిరిగిపోతుంది, దుమ్ము పడే కొద్దీ తగ్గుతుంది, కాబట్టి ఏటా వేయాలి. చౌడు లాగానే. మగ్గం ఉన్న రేకుల గదికి లోపల, రేకుకు జానెడు కిందుగా చాపలు కట్టినాం, రెండు వైపులా గాలి పోయేట్టు. ఏసీ డబ్బాను పిన్ని కిటికీ నుంచి మిద్దె మీదికి మార్చినాం. ఏసీ పోలేదు, కంతులూ పోలేదు. కానీ ముందు మాదిరి తెల్లారేదాకా వేయట్లేదు. మా నాయన అయితే ఒకే మాట అన్నాడు, "మధ్యాహ్నం ఇంకో గంట నేయగలుగుతున్నా" అని. నేత మనిషికి గంట అంటే కూలి.

మీరు చేసేటట్టయితే జాగ్రత్తలు. సున్నం కంట్లో పడితే ప్రమాదం, కళ్ళద్దాలు పెట్టుకోండి. సిమెంటు రేకు మీదికి ఎక్కొద్దు, విరిగి కింద పడతారు. దాన్ని కోయొద్దు, గీకొద్దు, అందులో ఆస్‌బెస్టాస్ ఉంటే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. వరస కూడా గుర్తుపెట్టుకోండి. ముందు ఎండను బయటే ఆపు, తర్వాత గాలి ఆడనీ, ఆ తర్వాత కూడా చాలకపోతే యంత్రం.

ఇంకొక్క పని. ఈరోజు మీ ఇంట్లో అవ్వనో తాతనో అడగండి, "మన మిద్దెకు చౌడు యాడ నుంచి తెచ్చేవాళ్ళు, ఎవరు మోసేవాళ్ళు?" అని. వాళ్ళు చెప్పింది ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి, ఊరి పేరుతో సహా కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కొన్ని చదువుతాను.

నేను ఈ వారం ఆ పల్లెకు మళ్ళీ పోతున్నా. ఆ అక్క వాళ్ళ ఇంటి మీదికి నాలుగు కొబ్బరి మట్టలు ఎక్కించి రావాలి. పురుగులకు మిగిలినవి ఎట్లనూ ఉంటాయి. ఉంటాను, నమస్తే.